మాట మధ్యలో గూడ్సు

నాకు ముక్కు మీదే కోపం. మా ఇంట్లో అందరికీ ఉంది కానీ పేరు మాత్రం నాదే మోగింది.

నేను మైత్రిని. బిలాస్‌పూర్‌ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్. మా శర్మిష్ఠ మేడమ్‌కి నేల కంపనాలను కొలిచి తెర మీద గీతలుగా చూపే ల్యాబ్ ఉంది. ఈ ఏడాది అందులో ప్రాజెక్టుకి ఒకే ఒక్క సీటు. పోటీలో నేను, బిల్హా నుంచి లోకల్ రైల్లో వచ్చే కమలేశ్. సీటు రాకపోతే సోమవారం నుంచి రైల్వే పరీక్ష కోచింగ్‌కి వెళ్తానని నాన్నకి మాటిచ్చాను. నాన్న బంగార్రాజు గూడ్సు బండి నడిపే లోకో పైలట్.

"సదువుకో అమ్మా, వద్దన్నానేటి? డ్యూటీ అయితే కూడు పెడతాది. మీ మేడమ్ గీతలు పెడతాయేటి?" అంటాడు.

సీటు తేల్చే సెమినార్ రోజున తలుపులు మూసిన ఏసీ గది, ముందు వరసలో మేడమ్, పక్కన మరో ఇద్దరు ప్రొఫెసర్లు. కమలేశ్ తన వంతు గడగడా చెప్పేసి కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను. నేల లోపల అల ఎలా నడుస్తుందో చెబుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది. సరిగ్గా అప్పుడే వాక్యం సగంలో ఆపి నోరు మూసుకున్నాను.

భయం కాదు. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్ళకి అదో అలవాటు. ఇంటి వెనకే లైను. బండి వస్తే మాట ఆపేస్తాం, వెళ్ళాక అక్కణ్ణుంచే అందుకుంటాం. మా నాయనమ్మ అచ్చియమ్మ తిట్టు కూడా సగంలో ఆపి, చివరి పెట్టె దాటాక మిగతా సగం తిడుతుంది.

"భూల్ గయీ క్యా?" అన్నారు మేడమ్. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు మండింది.

"మరిచిపోలేదు మేడమ్! మాల్‌గాడీ జా రహీ హై. గూడ్సుని వెళ్ళనివ్వండి!"

గది మొత్తం పగలబడి నవ్వింది. లైను అక్కడికి చాలా దూరం, ఎవరికీ ఏ చప్పుడూ వినబడలేదు. నా పరువు గంగలో కలిసిందనుకున్నాను. మేడమ్ మాత్రం నవ్వలేదు. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, కింద ల్యాబ్‌లో నేలకి బిగించిన సెన్సర్ గీతను తెర మీదకి తెచ్చారు. గీత దున్నిన చేనులా లేచి పడుతోంది.

నవ్వులు ఆగిపోయాయి.

"అచ్ఛా! ఎప్పుడు అయిపోతుందో చెప్పు," అన్నారు మేడమ్.

కళ్ళు మూసుకుని, అరికాళ్ళకి తగిలే అదురునే విన్నాను. నిండు లోడు బొగ్గు బండి, తాపీగా పోతోంది. నా గుండె దడదడలాడుతూ అడ్డొస్తుంటే దాన్ని కూడా తిట్టుకున్నాను. చెయ్యి ఎత్తాను.

"బస్, అయిపోయింది."

తెర మీద గీత మెల్లగా చదునైంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కమలేశే. నేను ఆపిన వాక్యం అందుకుని చివరిదాకా చెప్పాను. సీటు నాదేనని మేడమ్ అక్కడే చెప్పేశారు. బండిని కనిపెట్టినందుకు కాదట, అల గురించి చెప్పిన తీరుకట.

కాళ్ళు నేల మీద నిలవలేదు. బయటికి పరిగెత్తి, డ్యూటీ దిగి ఇంట్లో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. సీటొచ్చినా కోచింగ్ సంగతి ఎత్తుతాడని పళ్ళు బిగించుకున్నాను.

"ఏటమ్మా, ఆ మిషన్లో గూడ్సు కనబడతాదేటి?"

"కనబడుతుంది నాన్నా."

"ఎవులు నడిపినా?"

"ఎవరు నడిపినా."

"అచ్ఛా..." నాన్న గొంతు చిన్నపిల్లాడి గొంతైపోయింది. "రేపు గతౌరా టేసన్ కాడ్నుంచి నా బండొస్తాది. ఇంటెనకాల ఎన్ని బండ్లెల్లినా, ఇది మా నాన్నదని ఎవులూ సూడనేదు. నువ్వు సూస్తావేటి?"

"చూస్తాను నాన్నా," అనేసరికి నాకు ఏడుపొచ్చేసింది. కోచింగ్ మాట నాన్నా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.