తీసేసిన గాలి

ఏటా నెలల తరబడి పట్టే జల్లు మొదలై మూడు రోజులైంది. ఏడాది దుమ్మూ, బండ్లు కార్చిన నూనే ఆ జల్లుకి నాని తారు రోడ్డు జిగటగా తయారవుతుంది. మా కొండ మీద ఒంటెలున్నవాళ్లందరూ అప్పటికే మందల్ని మైదానానికి దింపేశారు. ఒంటె పాదం ఇసుక కోసం పుట్టింది. బురదలో నిలవదు. జారితే ముందు కాళ్లు చెరోవైపు చీలిపోతాయి. ఆ తర్వాత కత్తి తప్ప మందు లేదు.

నా మంద దిగింది. హమ్రా అనే ఆడ ఒంటె ఒక్కటే మిగిలింది. కాలికి ముల్లు దిగి చీము పట్టి నడవలేకపోయింది. పైగా పది నెలల చూడి. దాన్ని నా పికప్పులోనే దింపాలి. పికప్పు అల్లుడి దగ్గరుంది. గడ్డి తోలుకుంటానని చలికాలంలో తీసుకుపోయి తిరిగివ్వలేదు.

అల్లుడి పేరు మబ్ఖూత్. కొండకి అవతల, ఎడారి వైపు మనిషి. నా కూతురు తుఫూల్‌ని చేసుకుని ఆరేళ్లయింది. ఇసుకలో బండి తోలడంలో వాణ్ణి మించినవాడు లేడు. ఆ మాట వాడే చెబుతాడు.

ముందు రోజు సాయంత్రం బండి తెచ్చి గడ్డిలో నిలిపాడు. పొద్దున్నే బండిని గట్టుకి ఆనించి హమ్రాని ఎక్కించాం. మోకాళ్లు కట్టాం. అది వెనక తలుపు దగ్గరే కూలబడింది.

"ముందుకి జరుపుదాం," అన్నాను.

"ఎందుకు మామా, ఇలా ఉంటే దింపడం తేలిక. వెనక బరువుంటే పట్టు కూడా ఉంటుంది. నువ్వు ఏటా ఇసుక మూటలు వేసేది అందుకేగా."

నేను మూటలు వేసేది ఇరుసు మీద. బండి తోక మీద కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. అది నా తప్పు.

వాడే తోలాడు. రెండో మలుపులో స్టీరింగ్ తిప్పినా బండి మాట వినలేదు, తిన్నగా పోయింది. వాడు బ్రేకు తొక్కాడు. వెనక భాగం గిరుక్కున లోయ వైపుకి తిరిగింది. హమ్రా అరిచింది. రోడ్డు వారనున్న రాతి గోడకి చక్రం తగిలి బండి ఆగింది.

దిగి ముందు హమ్రా కాళ్లు చూశాను. తాళ్లు తెగలేదు. పక్కకి ఒరిగింది, అంతే. తర్వాత టైర్లు చూశాను. తిన్న గొర్రె పొట్టలా పక్కలకి ఉబ్బి ఉన్నాయి.

"గాలి ఎంతుంది?"

"సరిగ్గానే ఉంది."

"ఎంత అని అడిగాను."

వాడు గడ్డం గోక్కున్నాడు. "పద్దెనిమిది."

"ముప్ఫై అయిదు ఉండాలి."

"నిన్న పైకొస్తుంటే జారింది మామా. అందుకని తీసేశా. గాలి తీస్తే టైరు పరుచుకుంటుంది, పట్టు వస్తుంది. ఇరవై ఏళ్లుగా తోలుతున్నా, ఇసుకలో ఎప్పుడైనా..."

"ఇక్కడ ఇసుక ఎక్కడుందో చూపించు."

వాడు రోడ్డు వైపు చూశాడు. దాని మీద నీళ్లు పలచగా పారుతున్నాయి.

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాను. ఆ రోజు మాట్లాడాను.

"టైరు బిగువుగా ఉంటే నీళ్లని కోసుకుని తారుని పట్టుకుంటుంది. మెత్తబడితే దాని మీది గాడులు మూసుకుపోతాయి, నీళ్లకి పోయే దారుండదు. ఇక నీళ్ల మీద తేలడమే. ఒంటెని కొండ ఎందుకు దింపుతున్నాం? దాని పాదం మెత్తన, వెడల్పు, తడిలో ఆగదనేగా? దాన్ని దింపే బండికి నువ్వు నాలుగు ఒంటె పాదాలు తగిలించావు. నా బండికి. నాకు చెప్పకుండా."

వాడు నవ్వాడు. భయపడి నవ్వాడేమో. నాకు ఒళ్లు మండింది.

"తాళం ఇలా ఇవ్వు."

"నీకు చూపు సరిగ్గా ఆనదు కదా మామా..."

"చూపు ఆనకపోయినా ఈ మలుపులు నాకు తెలుసు. ఇవ్వు."

గాలి తీసేవాడు పంపు లేకుండా తిరగడు, అదొక్కటి నయం. బ్యాటరీకి తగిలించి ముందు చక్రాలకి ముప్ఫై అయిదు, వెనక వాటికి నలభై కొట్టించాను. ఒక్కో టైరూ ఒక కాఫీ తాగినంతసేపు పట్టింది. నీళ్ల ట్యాంకరువాడు దిగుతూ ఆగి తల బయట పెట్టాడు.

"ఏం పెద్దాయనా, ఒంటెకి లోయ చూపిస్తున్నారా?"

"నీకూ చూపిస్తాం, దిగు," అన్నాడు మబ్ఖూత్.

ట్యాంకరు వెళ్లింది. కట్లు వదులు చేసి ఇద్దరం హమ్రాని ఇరుసు మీదికి, ముందుకి లాగాం. అది నెమరు తీసి వాడి చొక్కా నిండా కక్కింది. నాకు జాలి వేయలేదు.

"వెనకెక్కు. దాని మెడ పట్టుకో."

"బండి జారితే?"

"జారితే ముందు దూకేది నువ్వే. దూకకు."

రెండో గేరులో పెట్టి ఒదిలాను. మలుపు రాకముందే వేగం తగ్గించాను, మలుపులో బ్రేకు ముట్టుకోలేదు. తొమ్మిది మలుపులు. ఏడో దగ్గర వెనక భాగం కాస్త అటు కదిలింది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి ఊరుకున్నాను. బండి తనంతట తనే సర్దుకుంది.

మైదానంలో జల్లు లేదు, ఎండ ఉంది. కట్లు విప్పాం. హమ్రా మూడు కాళ్ల మీద లేచి, నాలుగోది ఆనించి చూసుకుంది. మెల్లగా మంద వైపు కుంటింది.

మబ్ఖూత్ చొక్కా దులుపుకున్నాడు. "చూశావా మామా, నా బరువు వెనక ఉండబట్టే జారలేదు."

నేను బండెక్కి వచ్చేశాను.

మధ్యాహ్నం తుఫూల్ ఫోను చేసింది. "ఆయన్ని దారిలో వదిలేశావట నాన్నా."

"మైదానంలో వదిలాను. అక్కడ జారడు."

"నీ మంచికేగా గాలి తీశాడు."

"ఆ మంచితో ఈపాటికి హమ్రాని కోసుకు తినేవాళ్లం."

"బండి ఎప్పుడిస్తావు?"

"జల్లు ఆగాక."

జల్లు ఆగడానికి ఇంకా రెండు నెలలుంది. అది దానికీ తెలుసు. ఫోను పెట్టేసింది.