ఎడమ చక్రం మోటారు

నేను ఒక వైపర్ మోటారును. లారీ అద్దం మీద వానను తుడవడానికి పుట్టాను. ఎండాకాలమంతా నన్ను పలకరించే దిక్కుండదు. నాలుగు చినుకులు పడగానే డ్రైవరుకు నా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. వాన వెలిస్తే మళ్లీ మరుపే. అలా తొమ్మిదేళ్లు తుడిచాక లారీ మూలపడింది. దాన్ని ముక్కలుగా కోసినవాళ్లు నన్ను ఊడబీకి, విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్లు అమ్మే మస్తాన్ కొట్టులో పడేశారు. అచ్చం నాలాంటిదే మరో మోటారు అప్పటికే అక్కడ ఉంది.

మమ్మల్ని ఏరుకున్నవాడు కృపావరం. ఆ పక్క వీధిలో లేతు మిషను నడుపుతాడు. చేతిలో పనితనం ఉంది, తనకు తెలియనిది లేదన్న ధీమా అంతకంటే ఎక్కువే ఉంది. అతని అక్క దీవెనమ్మకు చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. రోడ్డు అవతల ఆమెకు జాకెట్లు కుట్టే కొట్టు ఉంది. చేత్తో తిప్పే మూడు చక్రాల బండిని ఏళ్ల తరబడి తిప్పి తిప్పి భుజం పట్టేయడంతో, పొద్దునా సాయంత్రం తమ్ముడే ఎత్తుకుని రోడ్డు దాటించేవాడు. నలభై రెండేళ్ల మనిషి రోజూ నలుగురి కళ్ల ముందూ అలా వెళ్లడం ఎంత నామోషీయో పడేవాళ్లకే తెలుస్తుంది. ఎవరూ ఎత్తకుండా ఆ రోడ్డు దాటాలన్నదే ఆమె కోరిక.

తమ్ముడు మోటారుతో నడిచే బండి చేస్తానంటే, హ్యాండిల్ ఉన్నది చెయ్యమంది. చేతికి పట్టు ఉంటే ధైర్యంగా ఉంటుందంది. కృపావరం ఆ మధ్య ఏదో కాలేజీ ప్రదర్శనలో, హ్యాండిల్ లేకుండా ఉన్నచోటే గిర్రున తిరిగే రోబోను చూసివచ్చాడు. ఇక అతనికి బండి ఆనదు. ఎక్కి కూర్చునే రోబోనే కావాలి. హ్యాండిల్ పెడితే అది రిక్షా అవుతుంది గానీ రోబో ఎలా అవుతుందని అక్క మాటను నవ్వుతూ కొట్టిపారేశాడు. నడిపేది తనా ఆమా అన్న సంగతి అతనికి తట్టలేదు.

మస్తాన్ కొట్టులో రెండు పూటలు కూర్చున్నాడు. స్టార్టర్ మోటారు చూశాడు. లాగుడు బాగానే ఉంది గానీ రెండు నిమిషాలకే కాలిపోయేంత వేడి. కారు కిటికీ మోటార్లు బక్కచిక్కినవి. చివరికి మమ్మల్ని బల్ల మీద పక్కపక్కనే పెట్టి, ఒకే బ్యాటరీకి కలిపి, చెవి ఆనించి విన్నాడు. ఒకే చప్పుడు, ఒకే వేగం. జత కుదిరిందని మురిసిపోయాడు.

తప్పు జరిగింది అక్కడే. మాలాంటి మోటార్లు ఒక దిక్కుకే తిరగడానికి పుట్టినవి. లోపలి బ్రష్షులను ఆ దిక్కుకు అనువుగా కాస్త పక్కకు జరిపి బిగిస్తారు. రెండో దిక్కుకూ తిరుగుతాం, కాకపోతే ఆ తిరగడంలో చురుకుండదు. బల్ల మీద ఇద్దరం ఒకే దిక్కుకు తిరిగాం. రోబోకు బిగించేటప్పుడు నన్ను ఎడమ చక్రానికి, దాన్ని కుడి చక్రానికి, వీపులు కలిపి బిగించాడు. బండి ముందుకు పోవాలంటే నేను వెనక్కి తిరగాలి. కుడిది హాయిగా పరుగెత్తేది, నేను ఈడ్చుకుంటూ వెళ్లేవాణ్ణి. అందుకే రేకు తలకాయా స్కూటర్ లైట్ల కళ్లూ ఉన్న ఆ రోబో ఎప్పుడూ ఎడమకే లాగేది.

కృపావరం నాకు గ్రీజు పెట్టాడు, బ్రష్షులు మార్చాడు, తిట్టాడు. ఆఖరికి అక్కకే ఒక కిటుకు నేర్పాడు. చక్రానికొకటిగా, పట్టుకుంటే దాన్ని తిప్పే రెండు మీటల్లో కుడిదాన్ని మధ్యమధ్య వదిలి పట్టుకుంటే బండి తిన్నగా పోతుందట. ఆమె పది రోజులు అలాగే నడిపింది. పదకొండో రోజు ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. ఆమె రెండు మీటలూ గట్టిగా పట్టుకుంది. భయపడ్డ మనిషి ఎవరైనా చేసే పనే అది. నేను వెనకబడ్డాను, బండి ఎడమకు తిరిగి మురుగుకాల్వలో పడింది. దీవెనమ్మ కుడి మణికట్టు విరిగింది.

టీ కొట్టు దగ్గర జనం మూగి ఏమైందని అడిగితే, అక్క చెయ్యి వణికి మీట వదల్లేదని చెప్పాడు కృపావరం. ఆ మాట ఆమె విన్నది. పిండికట్టు విప్పాక కూడా బండి ఊసెత్తలేదు. లోపం తన చేతిలోనే ఉందని నమ్మేసింది. మళ్లీ తమ్ముడి భుజం మీదే కొట్టుకు వెళ్లసాగింది. నాకు మాట వస్తే చెప్పేవాణ్ణి. రాదు గనక, రోబోను విప్పేశాక నట్ల డబ్బాలో పడి ఉన్నాను.

మూడు నెలల తరువాత ఒక మధ్యాహ్నం, ఎవరికో మోటారు కావాలంటే కృపావరం నన్ను తీసి బ్యాటరీకి తగిలించాడు. నేను పుట్టిన దిక్కుకు తిరిగాను. ఆ చప్పుడుకు అతని చెయ్యి ఆగిపోయింది. తీగలు మార్చి తగిలించాడు, చప్పుడు మందగించింది. మళ్లీ మార్చాడు. నాలుగైదుసార్లు అలా చేసి, ముఖం తుడుచుకుని, నన్ను పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాడు.

"తప్పు నీ చేతిది కాదక్కా. నా బిగింపుది."

దీవెనమ్మ కుట్టు మిషను మీద ఉన్న తన మణికట్టును చూసుకుంది.

"నా చెయ్యి వణికిందని టీ కొట్టు కాడ అందరి ముందూ చెప్పావు గదరా. ఇదీ అక్కడే చెప్పు."

చెప్పాడు. బ్యాటరీ మోసుకెళ్లి, నన్ను అటూ ఇటూ తిప్పి చూపించి మరీ చెప్పాడు. సగంమంది విననే లేదు. తప్పు మోపిన రోజు ఉన్నంత జనం ఒప్పుకునే రోజు ఉండరు.

కొత్త బండికి రేకు తలకాయ లేదు. ముందు చక్రానికి హ్యాండిల్ ఉంది. మా ఇద్దరినీ ఒకే వైపు ముఖం పెట్టి, గొలుసులతో ఒకే ఇరుసుకు కలిపాడు. అయినా ఆమె ఎక్కలేదు. అయిదు రోజులు ఊరికే కూర్చుని హ్యాండిల్ తిప్పి చూసుకుని, రేపు చూద్దామని దిగిపోయింది. తప్పెవరిదో తేలినంత మాత్రాన భయం పోదని నాకు అప్పుడు అర్థమైంది. నాకూ భయంగానే ఉండేది.

ఆరో రోజు పొద్దున ఎక్కి కూర్చుంది. కృపావరం అలవాటుగా చేతులు చాచి వెనక నిలబడ్డాడు.

"నా వెనక రావద్దు," అంది దీవెనమ్మ. "నువ్వు ముందు నడువు."

అతను ముందుకు వచ్చి నడవసాగాడు. స్విచ్చి పడింది. రోడ్డు దాటేదాకా అతను ఒక్కసారి కూడా తల తిప్పలేదు. నా చప్పుడు వింటూ నడిచాడు.