క్వారీ పట్టాలు

భూమయ్య తవ్వి తీసిన పట్టాలు భీమన్న కాజేశాడు. అందులో రెండో మాట లేదు.

వలస వచ్చిన అరబ్బు దేశంలో, రుస్తాఖ్ ఊరి అవతల కొండ కింద మూతబడిన క్వారీ ఒకటుంది. ఒకప్పుడు రాళ్ల ట్రాలీలు నడిచిన పట్టాలు మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. ఐదు నెలలు, ప్రతి శుక్రవారం, భూమయ్య ఒక్కడే వాటిని పెకలించాడు. తుప్పుపట్టిన నట్ల మీద కిరోసిన్ పోసి వారమంతా నాననిచ్చి, పానాకు పైపు తొడిగి విప్పాడు. అరిచేతుల్లో తోలు మిగల్లేదు. భార్య లస్మవ్వ పోయి ఏడాది కావస్తోంది. కడసారి చూపు దక్కలేదు. ఏడాది నాడైనా ఇంటికి పోయి తన చేత్తో ఆమె పేర పిట్టకు కూడు పెట్టాలి. టికెట్టుకూ, దొంగచాటుగా ఉన్నందుకు కట్టాల్సిన జరిమానాకూ ఆ ఇనుమే దిక్కు.

క్వారీ యజమాని, ముసలి అర్బాబు, ఇనుము తీసుకొమ్మన్నాడు. కాగితం రాయడానికి మాత్రం బతాకా కార్డు కావాలన్నాడు. కంపెనీ నుంచి పారిపోయి కాగితాల్లేని ఖల్లివల్లిగా బతికేవాడికి కార్డెక్కడిది? భీమన్న కార్డు చూపించి అతని పేర రాయించారు. ఒకే ఊరు, ఒకే రూమ్. తవ్వినవాడిదే ఇనుము, పేరుదేముంది అనుకున్నాడు భూమయ్య.

ఒక శుక్రవారం అతను వెళ్లేసరికి భీమన్న చివరి పట్టాను పికప్‌లోకి ఎక్కిస్తున్నాడు. భూమయ్య బండికి అడ్డం నిలబడ్డాడు. డ్రైవర్ ఇస్రార్ కాగితం చూపించి, ఇందులో నీ పేరేదని అడిగాడు. గొడవైతే పోలీసులొస్తారు. వస్తే ఎవరిని పట్టుకుపోతారో ముగ్గురికీ తెలుసు. భూమయ్య పక్కకు జరిగాడు.

భీమన్న తలెత్తకుండానే చెప్పాడు. తన కంపెనీ మూతపడిందట. టికెట్ ఇయ్యలేమన్నారట. ఈ ఇనుము డబ్బుతోనే సోమవారం ప్రయాణమట.

"వదిన యాడాదికి నేనుంట గదనే. పిట్టకు నేనే పెడుత. ఇంత కల్లు, చేపల కూర..."

"ఆమెకు చేపలు పడయి."

"మర్సిపోయిన అన్నా. కోడికూర పెడుత."

"నా పెండ్లాం పేరు నీ నోట రావద్దు."

పికప్ కదిలింది. పట్టాలు తీసిన చోట రెండు వరసల గుంటలు మిగిలాయి.

ఏడాది నాడు ఊరి నుంచి ఫోన్ వచ్చింది. విస్తరి పెట్టీ పెట్టగానే పిట్ట ముట్టిందనీ, వదిన మనసు నిండిందనీ భీమన్న సంబరంగా చెప్పాడు. తాను పెడితే ముట్టవలసిన పిట్ట. వాడి చేతి కూడు ఆమె ఎట్లా ఒప్పుకుందో భూమయ్యకు అర్థం కాలేదు. ఫోన్ కట్ చేసి డ్యూటీకి పోయాడు.

ఆ తర్వాత రూమ్‌లో తనతో ఉండే వీరబ్రహ్మం పట్టాల సంగతి కదిపాడు.

"ఆ ముచ్చట నాతోని తియ్యకు," అన్నాడు భూమయ్య.

మళ్లీ ఎవరు అడిగినా నోరు విప్పలేదు. పట్టాల గురించీ, లస్మవ్వ గురించీ.