బోడిగుండు మీద మామిడితోట

కార్వేటినగరానికి అవతల, తమిళనాడు సరిహద్దుకు ఆనుకొని తిరుమలమ్మకు రెండెకరాల మామిడితోట ఉండాది. పట్టా ఆమె పేరు మీదే. నూటనలభై చెట్లు. బాయిలో మోటారు తిప్పితే నీళ్లు వస్తాయి గానీ, కాలవ దాటేలోగా సగం ఇసకే తాగేస్తాది. చివరి వరసలకు మూడు ఎండాకాలాలు బిందెలతో మోసి పోసింది. నడుము అరిగిపోయింది.

అందుకే, డ్రిప్పు పైపులకు సర్కారు సబ్సిడీ ఇస్తాదని రూపశ్రీ చెప్తే నమ్మింది. రూపశ్రీది శ్రీకాళహస్తి. ఊళ్లో రైతుల అర్జీలు చూసుకునే ఉద్యోగం. నిదానస్తురాలు.

"ఒక్క ఫొటో దిగితే చాలు పెద్దమ్మా. నువ్వు, నీ మోటారు, నీ చెట్టు, మూడూ ఒకే ఫొటోలో పడాల. తోటలోనే తియ్యాల."

బాయి గట్టున నిలబెట్టి తీసింది. సెల్లులోని యాప్ ఒప్పుకోలేదు. 'మీరు వేరే రాష్ట్రంలో ఉన్నారు. ఈ పథకం మీకు వర్తించదు' అనింది.

"యాడుండానంట నేను?" అనింది తిరుమలమ్మ.

"తమిళనాడులో."

తిరుమలమ్మ చుట్టూ చూసుకునింది. తన బాయే. తన చెట్లే. "నేనెప్పుడు పోయినాను పాపా?"

రూపశ్రీ పైఆఫీసుకు రాసింది. 'తోటలో నిలబడి ఫొటో తీయవలెను' అని జవాబు వచ్చింది. ఇంకోసారి రాస్తే అదే జవాబు ఇంకోసారి వచ్చింది. నాలుగు దినాలు ఇద్దరూ సెల్లు పట్టుకొని చేలెంబడి తిరిగినారు. పశువుల కొట్టం తమిళనాడే. కల్లం తమిళనాడే. ఊరిపక్క, కార్వేటినగరం దోవలో ఉండే బోడిగుండు అనే బండ ఎక్కితే మాత్రం సెల్లు చల్లబడింది. ఆ రాయి ఒక్కటే ఆంధ్ర అని ఒప్పుకునింది. అర్జీలకు గడువు శనివారం.

శుక్రవారం పొద్దున తిరుమలమ్మ మొగుడు మునస్వామి, పక్క తోట గురప్ప, ఇంకో ఇద్దరూ మోటారు బోల్టులు ఊడదీసి, దుడ్డుకర్రకు కట్టి, బోడిగుండు పైకి మోసినారు. పాత నూనె డబ్బాలో ఉన్న మామిడంటును తిరుమలమ్మ చంకలో పెట్టుకొని ఎక్కింది.

రూపశ్రీ సెల్లు ఎత్తి మళ్లీ దించింది. "ఇది అబద్ధం కాదా పెద్దమ్మా?"

"మోటారు నాదే. చెట్టు నాదే. నేనూ నేనే. రాయి గూడా మనూరిదే. ఇందులో అబద్ధం యాడుండాది?"

"సరే, కొంచెం నవ్వు."

"నవ్వేదెట్లా పాపా, కాళ్లు జారతా ఉండాయి."

ఫొటో యాప్‌లో ఎక్కింది. మోటారు ఎటూ పైకి వచ్చింది గదా అని గురప్ప గూడా దాని పక్కన నిలబడినాడు. ఆ తర్వాత ఇంకో ఎనిమిది మంది రైతులు వచ్చినారు. అందరికీ అదే మోటారు, అదే అంటు. పొద్దు వాలేలోగా సర్కారు లెక్కలో ఊరి మామిడితోటలన్నీ ఆ రాయి మీదికి చేరినాయి.

పది దినాలకు తనిఖీకి ఏకాంబరం అనే ఆఫీసరు వచ్చినాడు. యాభై దాటిన మనిషి, నెత్తిన తువ్వాలు. జీపు దిగి నేరుగా గుండెక్కి, కుర్చీ అడిగినాడు.

"తోట కింద ఉండాది సార్" అనింది రూపశ్రీ.

"కనబడతా ఉండాది. నేను దిగలేనమ్మా. మా హాజరు గూడా ఈ సెల్లులోనే. దిగితే అనుమతి లేకుండా రాష్ట్రం దాటినట్టు. పోయిన నెల మా ఆఫీసులో ఒకాయనకు మెమో ఇచ్చినారు. ఆయన టీ తాగేదానికి దాటినాడు."

"మరి చెట్లు లెక్క పెట్టాల గదా?"

ఆలోచించి దోవ చెప్పినాడు. తిరుమలమ్మ ఒక్కో చెట్టు కాడ నిలబడి చెయ్యెత్తాల. ఆయన పైనుంచి ఒక్కో టిక్కు పెడతాడు.

మిట్టమధ్యాన్నం. తిరుమలమ్మ చెయ్యెత్తతా, దించతా, పరిగెత్తతా ఉండాది. అరవై మూడో చెట్టు కాడ పైనుంచి కేక వచ్చింది: లెక్క తప్పింది, మళ్లీ మొదటినుంచి. ఆమెకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. కోపం గూడా వచ్చింది. తోటలో నుంచి నేరుగా గుండెక్కింది.

"సారూ, అన్నం తిన్నారా?"

"లేదు."

"రాగిసంగటి, నాటుకోడి పులుసు చేసినాను. ఇంట్లో ఉండాది. ఇల్లు గూడా తమిళనాడేనంట. మీ సెల్లు ఈడ పెట్టి మీరు రాండి. గురప్ప కాపలా ఉంటాడు."

ఏకాంబరం సెల్లు వైపు చూసినాడు, తోట వైపు చూసినాడు. సెల్లును కుర్చీలో పెట్టి, ఎండ తగలకుండా తువ్వాలు కప్పి, కిందికి దిగినాడు.

తిన్న తర్వాత ఆయనంతట ఆయనే తోటలోకి నడిచినాడు. ఒక కొమ్మ వంచి ఆకు తిప్పి చూసినాడు. "తేనెమంచు పురుగు పడతా ఉండాది, వేపనూనె కొట్టండి" అన్నాడు. వాళ్ల నాయనకూ మామిడితోట ఉన్నిందంట, నీళ్లు లేక కొట్టేసినారంట. చివరి వరస కాడ బిందె మోసిన దోవ నున్నగా అరిగి ఉండాది. దాని మీదే చివరిదాకా నడిచినాడు. తర్వాత నూటనలభై చెట్లూ చేత్తో ముట్టుకుంటా లెక్క పెట్టినాడు.

అదే సమయంలో గుండు మీద సెల్లు మోగింది. గురప్పకు అబద్ధం చెప్పడం రాదు. ఎత్తి, "సారు ఈడ లేడయ్యా. సెల్లు ఒకటే ఉండాది" అన్నాడు.

అవతల ఉన్నది పెద్దాఫీసరు. "సెల్లు గుండు మీదే ఉందా?"

"కుర్చీలో కూసోబెట్టినారు."

"అట్లయితే సరే" అని పెట్టేసినాడు.

సబ్సిడీ వచ్చింది. కాగితంలో నేల రకం 'రాతి నేల' అని రాసినారు. పైపులు తెచ్చినోళ్లు గుండు మీదే పరిచి ఫొటో తీసుకున్నారు. సాయంత్రం తిరుమలమ్మ, మునస్వామి వాటిని చుట్టి, కిందికి దొర్లించి తోటలో పరుచుకున్నారు. రెండో వానాకాలానికి చివరి వరసలు గూడా నల్లగా నిగనిగలాడినాయి.

అప్పుడు చిత్తూరు నుంచి పిలుపు వచ్చింది. బండ మీద మామిడి పండించిన మహిళా రైతుకు సన్మానమంట. తిరుమలమ్మ బస్సెక్కి పోయింది. శాలువా కప్పి మైకు ఇచ్చినారు.

"అయ్యా, అది ఉత్త రాయి" అనింది. "ఆడ గడ్డి గూడా మొలవదు. మా చెట్లు కింద ఉండాయి. మీ సెల్లుకు అది తెలీదు. ఎవరన్నా వచ్చి దానికి చెప్పండి."

హాలంతా చప్పట్లు. పక్కనున్న పెద్దాయన మైకు అందుకొని, ఇంత సాధించినా ఆమెకు ఎంత వినయమో చూడండి అన్నాడు. ఇంకా చప్పట్లు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలతా ఉండాది. మునస్వామి డ్రిప్పు వదిలినాడు. చెట్టు మొదట్లో ఒక్కో చుక్కా పడతా ఉంటే తిరుమలమ్మ చెప్పులిడిచి తడిమట్టిలో నిలబడింది.

"ఏమన్నారు?" అన్నాడు మునస్వామి.

"చప్పట్లు కొట్టినారు."

"దేనికి?"

"నేనడగలేదు" అని, అడ్డంపడిన పైపును కాలితో సరిచేసి, తర్వాతి చెట్టు కాడికి పోయింది.