సెల్లార్‌లో పడవ

పంజాగుట్టలో సముద్రం లేదు. అయినా కేదార్ ఉండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు కార్ల చోటు మింగి, ట్రైలర్ మీద ఒక పాత తెరచాప పడవ కూర్చుని ఉంది. రేవులో కట్టిన పడవకు ఒడ్డు నుంచి వైరు లాగి బ్యాటరీకి ఛార్జింగ్ పెడతారు. ఈ పడవకు ఒడ్డంటే సెల్లార్ గోడకున్న ప్లగ్గే.

సాయంత్రం లారీ వచ్చి దాన్ని కాకినాడ తీసుకుపోతుంది. రేపు నీళ్లలోకి దించాలి. అడుగున చేరే నీటిని తోడే పంపు బ్యాటరీ మీదే నడవాలి. అది నడవకపోతే రేవువాళ్లు పడవను దించనివ్వరు. ఆ పంపేమో స్విచ్ వేస్తే కాసేపు మూలిగి ఆగిపోతోంది. ఛార్జరు మాత్రం పెట్టిన కాసేపటికే పచ్చదీపం వెలిగించి, బ్యాటరీ నిండిపోయిందని బుకాయిస్తోంది.

కేదార్ పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ప్లగ్గు మార్చాడు. వైరు మార్చాడు. అమీర్‌పేట పోయి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద జనాన్ని తోసుకుంటూ కొత్త ఛార్జరు కొనుక్కొచ్చాడు. అదీ అదే పచ్చదీపం చూపించింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ట్రైలర్ టైరును ఒక్క తన్ను తన్నాడు. కాలే నొప్పెట్టింది.

అసోసియేషన్ సెక్రటరీ విజయేందర్ మెట్ల మీంచి తొంగి చూశాడు.

"కేదార్ భాయ్, గీ పడవ ఇయ్యాల పోతది కదా? పోకుంటే అందరు నన్నే తింటరు."

"పోతుందండీ విజయేందర్ గారూ."

"జర చూడు మరి."

నిజానికి కేదార్‌ను పంపు కన్నా ఎక్కువగా వేధిస్తున్నది అమ్మ దుర్గాంబ మౌనం. తండ్రి సూర్యనారాయణ కాకినాడలో చేపల వ్యాపారం చేసేవాడు. కేదార్ చిన్నప్పుడు ఒకసారి సొంత పడవ వేసుకుని తనే సముద్రం మీదికి వెళ్లి, తిరిగి రాలేదు. ఆ తర్వాత దుర్గాంబ ఆ ఊరి పేరెత్తలేదు. కొడుకు పడవ కొంటే వద్దనలేదు, సరేననలేదు. రెండు తిట్లు తిట్టినా ప్రాణం కుదుటపడేది.

మళ్లీ పంపు వేశాడు. ఈసారి పోపులో మాడిన పసుపు వాసన వచ్చింది. వంగి బ్యాటరీ క్లాంపు ముట్టుకుంటే వేలు చుర్రుమంది. స్విచ్ ఆపి, పానాతో విప్పాడు. టెర్మినల్ చుట్టూ పసుపు ముద్ద ఎండి పెచ్చు కట్టి ఉంది. రెండోదీ అంతే. కరెంటు ఆ పెచ్చు దాటలేకపోతుంటే ఛార్జరు బ్యాటరీ నిండిందనుకుంటోంది.

మొన్న దసరాకు అమ్మ పడవకు ఆయుధపూజ చేసింది. ఆవిడకు షాక్ కొడుతుందేమోనని క్లాంపులు విప్పి ఇచ్చింది తనే. తర్వాత చీకట్లో తడుముకుంటూ బిగించిందీ తనే. అదేదీ ఈ క్షణంలో గుర్తురాలేదు. కోపం ఒక్కటే వచ్చింది. పసుపు వేలితోనే మెట్లెక్కాడు.

దుర్గాంబ ప్రయాణానికి పులిహోర డబ్బాలో సర్దుతోంది.

"నన్ను ఆపాలనే ఇంత పసుపు పూశావా అమ్మా?"

ఆవిడ అతని వేలు చూసింది.

"బ్యాటరీల సంగతి నాకేం తెలుసురా. నీ బండికి పెట్టినట్టే పెట్టాను. దీనికి కాస్త ఎక్కువే పెట్టాను."

"ఎందుకూ?"

"ఆ ఏడు దసరాకి నేను పుట్టింటికి వెళ్లాను. మీ నాన్న పడవకి ఎవరూ పెట్టలేదు."

కేదార్‌కు సిగ్గుతో తల వాలిపోయింది. కిందికి దిగి, టెర్మినళ్లు తళతళలాడేలా గీకి క్లాంపులు బిగించాడు. ఛార్జర్‌లో ఛార్జింగ్ ఎక్కుతున్నట్టు ఎర్రదీపం వెలిగి, అలాగే నిలిచింది. కాసేపాగి స్విచ్ వేస్తే పంపు గుర్రుమని తిరిగింది. గీకిన పసుపు కాగితంలో పోగై ఉంది. పారేయబుద్ధి కాలేదు.

వెనక గాజుల చప్పుడైంది. దుర్గాంబ పసుపు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"కరెంటుకి అడ్డంరాని చోటు చూపించరా," అంది.