జ్వరం పంపకాలు

రోజూలాగే రత్నమాణిక్యం పొద్దున్నే పొయ్యి రాజేసి, పాతబియ్యం గంజి కాచి, మూడేళ్ళ కొడుకు దొరబాబు నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం దిగలేదు. పెద్ద జబ్బేమీ కాదు, రొంపజ్వరం. మనుషులున్న ఇంట్లో అయితే పూటలో పోయేదే.

ఆ సముద్రపొడ్డు పల్లెలో పసివాళ్ళ జ్వరం, వాళ్ళని ఎత్తుకున్న ఇంట్లోవాళ్ళందరికీ సమానంగా పంపకమైపోయేది. ఎదురింటి వీరాస్వామి కూతురికి ఒళ్ళు కాలితే ఆ ఇంట్లో పదిమందీ తలాకాసేపు ఎత్తుకునేవారు. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, మధ్యాహ్నానికల్లా పిల్ల వీధిలో ఉండేది. రత్నమాణిక్యం ఇంట్లో ఉన్నది ఇద్దరే. సగం బిడ్డకి, సగం తల్లికి. రెండు రోజులుగా ఇద్దరూ మూలుగుతూనే ఉన్నారు.

మొగుడు భీమరాజు మిల్లులో పనికని కాకినాడలో ఓడెక్కి రంగూను వెళ్ళి రెండేళ్ళయింది. కోడలే తరిమేసిందని అత్త మరిడమ్మ అంది. అత్తే పంపేసిందని కోడలు అంది. పొయ్యిలు వేరయ్యాయి, పెరటి మధ్య తాటాకు దడి లేచింది. దగ్గితే వినబడేంత దగ్గర్లో మనిషి ఉండీ పలకరింపు లేకపోవడం రత్నమాణిక్యానికి భరించరానిదైపోయింది. అందుకే మధ్యాహ్నం పడవకి పుట్టింటికి పోయి, మరి రాకూడదనుకుంది. పడవవాడికి కబురు కూడా పెట్టింది. అక్కడ అన్నలున్నారు, వదినలున్నారు, పిల్లాణ్ణి ఎత్తుకోడానికి చేతులున్నాయి.

నిద్రపోతున్న పిల్లాణ్ణి వదిలి, నూతికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. వచ్చి మూట కడుతూ తన మెడ తడుముకుంటే వేడి తగ్గినట్టుంది. పిల్లాడికీ అంతే తగ్గింది. ఇది సగం కాదు, మూడో వంతు.

దడి మీదుగా తొంగిచూసింది. మండుటెండలో మరిడమ్మ దుప్పటి కప్పుకుని వణుకుతూ కూర్చుంది.

"ఎప్పుడెత్తుకున్నావత్తా?"

"నువ్వు నూతికెళ్ళినప్పుడు. లేచి ఏడుస్తున్నాడు. ఊరుకోబెట్టి వచ్చేసేను."

మరిడమ్మ దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"వెళ్ళిపోతున్నావని పడవవాడు చెప్పేడు," అంది మరిడమ్మ, తల తిప్పకుండానే. "వెళ్ళు. ఈ జ్వరం మటుకు నా దగ్గరుంచేసుకుంటాను. వాడిదంటూ నాకింకేం మిగుల్తాది."

రేవులోంచి పడవవాడు రెండుసార్లు కేకేశాడు. రత్నమాణిక్యం అటు చూడకుండా లోపలికెళ్ళింది. దొరబాబుని ఎత్తుకొచ్చి దడి మీదుగా అత్త చేతులకి అందించింది.

"పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?" అని అడిగింది.