ఓకే అయిన అరుపు

మానసిక వైద్యురాలు డాక్టర్ కౌసల్య గదిలో మేం సర్దుకుని కూర్చోకముందే మా తమ్ముడు అచ్యుతం కథ మొదలుపెట్టాడు. ఇది తొంభై మూడు నాటి మాట. అతను సినిమాల్లో కో-డైరెక్టరు. నిర్మాతలకు కథలు చెప్పీ చెప్పీ, కుర్చీ అంచుకు జరిగి చేతులు తిప్పనిదే అతనికి మాట రాదు.

"నల్లటి పొగండీ. లోపల మా ఆవిడ ఒక్కతే. తలుపు రాదు. అప్పుడు నేను..."

"ఆ రోజు నువ్వు మద్రాసులో ఉన్నావురా," అన్నాను.

"ఎమోషన్ తెలియాలిగా అక్కా."

పక్కన మా మరదలు సత్యలక్ష్మి కొంగు చివర చూసుకుంటోంది. ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు రాని హీరోయిన్లకు గొంతు ఇస్తుంది. ఫిలింనగర్‌లోని డబ్బింగ్ థియేటర్లో మంటలు రేగిన దగ్గర్నుంచి, తలుపు మూసిన గదిలో ఉండలేకపోతోంది. స్నానాలగది తలుపు కూడా ఓరగా తీసే ఉంచుతుంది. అచ్యుతం ఆ సంగతి ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా మంట పెరిగింది. ఆమెను అడిగినవాడు లేడు. వంటింట్లో వాళ్ళకు కాఫీ కలుపుతూ ఆమె వింటూ ఉండేది.

డాక్టరమ్మది పాలమూరు. "సార్, మీరు జర బయట కూర్చోండి," అంది.

"అసలు పాయింటు ఇంకా రాలేదండీ."

"అది ఆమె చెప్తది. చెప్పాలనిపిస్తే."

అతను వెళ్ళాక సత్యలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. "వదిన ఉండొచ్చా అండీ?"

"నీ ఇష్టమమ్మా. తలుపు?"

"తీసే ఉంచండి."

డాక్టరమ్మ లేచి, తలుపు మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టి వచ్చింది.

"ఏమైందో ఇయ్యాల చెప్పాల్సిన పనే లేదు. వారానికోసారి రా. నువ్వు ఆపుమంటే ఆపుతా. మొదట్ల నిద్ర ఇంకా చెడొచ్చు, ఫికర్ చెయ్యకు. గిది పిచ్చి గాదు. ఆనాటి భయం ఇంకా పోలేదు, గంతే."

సత్యలక్ష్మి తల ఊపి, వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుంది. మంట, పొగ, భయం అన్నీ చెప్పింది. వణకాల్సిన చోట గొంతు వణికింది. వాక్యం చివర చిన్న ఏడుపు. అంతలో ఆగి, "సరిగ్గా రాలేదు. మళ్ళీ చెప్పనా అండీ?" అంది.

"మంచిగ రావాలని ఏం లేదమ్మా. ఎట్లొస్తే గట్ల చెప్పు. లేకుంటే ఊకె కూర్చో."

ఊరికే కూర్చుంది. కిటికీ అవతల ఎవరో ఇంటికోసం బండలు కొట్టిస్తున్నారు.

"హీరోయిన్ అరిచే సీను," అంది చివరికి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎత్తూ పల్లం లేదు. "తెర మీద బొమ్మ కనపడాలని లైట్లు ఆర్పేస్తారు. వెనకనుంచి కాలిన వాసన వచ్చింది. వెళ్ళి లాగితే తలుపు రాలేదు. అరిచాను. మైకు ఆన్‌లోనే ఉంది. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు గారు విన్నారు. చాలా బాగుందమ్మా, ఇంకోటి ఇవ్వండి అన్నారు. మళ్ళీ అరిచాను. అదీ బాగుందన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవడానికి డబ్బులిచ్చేవాళ్ళకు, మనిషి అరుస్తోందని తెలియలేదు.

"మొదటిది ఓకే చేశారు వదినా. సినిమాలో అదే పెట్టారు. మీ తమ్ముడికి తెలుసు, ఆయన పనిచేసే సినిమాయేగా."

మేం బయటికి వచ్చేసరికి, వరండాలో బెంచీ మీదున్న ముసలాయన పక్కన కూర్చుని అచ్యుతం కథ చెబుతున్నాడు. "భుజంతో ఒక్క తోపు తోశానండీ..."

నేను నోరు తెరిచేలోపే సత్యలక్ష్మి ముందుకు వెళ్ళింది. "ఏవండీ, ఆ అరుపు తీసేయించండి."

"ఓకే అయిన టేకు కదా లక్ష్మీ. అంత సహజంగా ఇంకెవరికీ రాదని డైరెక్టరు గారే..."

"అది టేకు కాదు. నేను పిలిచాను."

అచ్యుతం నా వంక చూశాడు. "నిర్మాతకు ఏం చెప్పనక్కా?"

"కథలు చెప్పడం నీకొచ్చుగా," అన్నాను.

ముసలాయన కళ్ళజోడు సర్దుకుని సత్యలక్ష్మిని అడిగాడు. "అయితే తలుపు ఈయన తియ్యలేదా బిడ్డా?"

"లేదు తాతా."

అచ్యుతం చేతులు ఒళ్ళో పడిపోయాయి. ఇన్నాళ్ళలో మొదటిసారి భార్యను అడిగాడు. "మరి ఎవరు తీశారు?"

"ముందు అది తీయించి రండి," అంది సత్యలక్ష్మి. "ఆ తర్వాత, చెప్పాలనిపిస్తే చెప్తాను."